కోరల్ రంగు మళ్లీ రావాలంటే: బెజవాడ, గుంటూరు ఇళ్లలోని రీఫ్ ట్యాంకులకు వరుసగా చేయాల్సిన పనులు

"అన్నా, కొన్నప్పుడు నారింజ రంగులో మెరిసిపోయిన జోవాలు రెండు నెలలు తిరక్కుండానే మట్టిరంగుకు వచ్చేశాయి, ఏ లైటు కొనమంటారు?" రీఫ్ ట్యాంకులు, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీళ్ల ట్యాంకులు ఉన్నవాళ్లు ఈమధ్య ఇలా తెగ అడుగుతున్నారు. జోవాలంటే చిన్న పువ్వుల్లా గుంపుగా విచ్చుకునే మెత్తటి కోరల్స్. లైటు సంగతి చివర్లో చూద్దాం, ముందు నీళ్లు చూడండి. మన ఊళ్లలో రంగు పోయిన ట్యాంకుల్లో చాలావాటికి అసలు జబ్బు వేడి, ఉప్పు, పోషకాలు రోజుకో తీరుగా ఊగడం. అవి కుదురుకోకుండా ఎంత ఖరీదైన లైటు పెట్టినా డబ్బు దండగ.

పని మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. కోరల్ ఒంట్లో రెండు రకాల రంగులుంటాయి. దాని కణాల్లో కాపురముండే జూజాంతెల్లే అనే సూక్ష్మ ఆల్గేది గోధుమరంగు. పచ్చ, నారింజ, గులాబీ, ఊదా లాంటివి కోరల్ తనంతట తాను తయారుచేసుకునే ప్రొటీన్ల రంగులు. నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా, వెలుతురు తక్కువైనా ఆల్గే పెరిగిపోయి అసలు రంగును కప్పేస్తుంది. ఆల్గే మరీ తగ్గిపోతే కోరల్ పాలిపోతుంది. మనం చేయాల్సిందల్లా ఈ రెండింటి మధ్య నిలకడగా ఉంచడం.

ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్‌లు కూడా ఉన్నాయి. అందుకని ఇక్కడ రాసేదంతా జోవాలు, మష్‌రూమ్‌లు, లెదర్ లాంటి మెత్తటి కోరల్స్ గురించే. బీచ్‌లోనో, ఎవరో పడవలో తెచ్చారనో పగడపు ముక్క తెచ్చి ట్యాంకులో పెట్టకండి. కొన్నదానికి బిల్లు తీసుకుని దాచుకోండి.

1. జబ్బేంటో ముందు కనిపెట్టండి

నీలం లైటు కింద అన్నీ అందంగానే ఉంటాయి, అక్కడ మోసపోతాం. రంగు చూడాలంటే లైటు తెల్లగా మార్చండి, లేదా మామూలు తెల్ల టార్చి పట్టుకుని పక్కనుంచి చూడండి.

- ఒళ్లంతా గోధుమరంగు, కానీ బాగా విచ్చుకుంటోంది: పోషకాలు ఎక్కువ, లేదా వెలుతురు తక్కువ.
- గోధుమరంగుతో పాటు కాడ పొడుగ్గా సాగి పైకి పాకుతోంది: వెలుతురు చాలడం లేదు. జోవాల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.
- పాలిపోయి, సన్నబడి, అంచులు ముడుచుకుంది: వెలుతురు ఎక్కువ, లేదా నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోయాయి.
- రంగు బాగానే ఉంది, రోజుల తరబడి విచ్చుకోవడం లేదు: రంగు గొడవ కాదిది. పురుగు, ఉప్పు తేడా, ఏదైనా రసాయనం, వీటిలో ఒకటి.

ఇవాళే ఒక ఫోటో తీయండి. తెల్ల లైటు, అదే చోటు, ఫోన్‌లో ఫిల్టర్లేమీ లేకుండా. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు కాబట్టి రెండు వారాలకోసారి ఇలాంటి ఫోటో ఒకటి దాచిపెట్టుకోవాలి.

2. కొలిచే సామాన్లు సరిగ్గా ఉన్నాయా?

తప్పు రీడింగ్ పట్టుకుని మందులు పోసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది, పాపం కోరల్స్ ఏం చేశాయి! అందుకే ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు. రొయ్యల చెరువుల పుణ్యమా అని మన జిల్లాల్లోని ఆక్వా షాపుల్లో సులువుగానే దొరుకుతుంది. దాన్ని మంచినీళ్లతో సున్నాకు సరిచేసి వదిలేయకుండా, 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో కూడా సరిచూడాలి.
- నమ్మకమైన థర్మామీటరు ఒకటి, దాన్ని సరిచూసుకోవడానికి ఇంకొకటి.
- ఆల్కలినిటీ (నీళ్ల క్షారశక్తి), నైట్రేట్, ఫాస్ఫేట్ కొలిచే కిట్లు. గడువు తేదీ చూడండి. మే నెలలో కొరియర్ వ్యానులో నాలుగు రోజులు ఉడికి వచ్చిన కిట్‌ను కొత్తదే కదా అని గుడ్డిగా నమ్మకండి, వేరే కిట్‌తో ఒకసారి పోల్చుకోండి.
- నీళ్లలో కరిగిన లవణాలను చూపించే టీడీఎస్ మీటరు.
- ఒక నోటుపుస్తకం.

ఫాస్ఫేట్ మీటర్లలో కొన్ని ఫాస్ఫరస్‌ను పీపీబీలో (వంద కోట్లకు ఎన్ని పాళ్లు) చూపిస్తాయి. ఆ అంకెను 3.066తో గుణించి 1000తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో (పది లక్షలకు ఎన్ని పాళ్లు) వస్తుంది. అంటే మీటరు 20 చూపిస్తే దాదాపు 0.06 అన్నమాట. చాలామంది ఇక్కడే తడబడతారు.

3. నీళ్లు: టిన్ను నీళ్లు వద్దు, సముద్రం నీళ్లూ వద్దు

ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో నుంచి వచ్చే నీళ్లలో రుచి కోసం కొంత ఉప్పు వదిలిపెడతారు, టీడీఎస్ 50 నుంచి 100 దాకా ఉంటుంది. 20 లీటర్ల టిన్నులదీ అదే కథ. బోరు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆర్వో వెనకాల, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ రెజిన్ డబ్బా ఒకటి కలిపి మీటరులో సున్నా వచ్చేదాకా చూడాలి. రీడింగు 2, 3 చూపించడం మొదలవగానే రెజిన్ మార్చేయండి, 20కి చేరేదాకా ఆగొద్దు.

సూర్యలంక బీచ్‌కు వెళ్లినప్పుడు నాలుగు డబ్బాలు పట్టుకొస్తే ఉప్పు ఖర్చు మిగులుతుంది కదా అని కొందరు అడుగుతారు. మన తీరంలో ఏటి నీళ్లు, బురద, చెరువుల నుంచి వదిలే నీళ్లు కలుస్తాయి. వానాకాలంలో ఉప్పదనం ఏ రోజు ఎంత ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆ మిగిలే డబ్బుకు ఈ రిస్కు దండగ.

కొత్త ఉప్పునీళ్లు కలిపేటప్పుడు లీటరుకు సుమారు 35 నుంచి 38 గ్రాముల రీఫ్ ఉప్పు పడుతుంది, కంపెనీని బట్టి కాస్త అటూఇటూ ఉంటుంది. పంపు పెట్టి పూర్తిగా కరిగాక, వేడి ట్యాంకుతో సమానమయ్యాక కొలిచి పోయండి.

4. వేడి: మన ఊళ్లలో సగం గొడవ ఇక్కడే

ట్యాంకు నీళ్లు 25 నుంచి 26.5 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా ముఖ్యం, పగలూ రాత్రీ మధ్య తేడా ఒక డిగ్రీ దాటకూడదు.

మన ఇళ్లలో ఏం జరుగుతుందంటే, రాత్రి పడుకునేటప్పుడు ఏసీ వేస్తాం, తెల్లారి ఆపేస్తాం. పొద్దున ఆరింటికి ట్యాంకు 26లో ఉంటుంది, సాయంత్రం ఐదింటికి 30 దాటుతుంది. మనకేమో పొద్దున చూసే అలవాటు, "నా ట్యాంకు 26లోనే ఉంది" అనుకుంటాం. రోజూ నాలుగు డిగ్రీలు ఎక్కి దిగుతుంటే కోరల్ ఆల్గేను వదిలేసి పాలిపోవడం మొదలుపెడుతుంది. అందుకే వారం పాటు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రీడింగు రాయండి. చాలామందికి ఈ ఒక్క వారంలోనే జబ్బు దొరికిపోతుంది.

పరిష్కారాలు, ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు:

- నీటి ఉపరితలం మీదకు చిన్న ఫ్యాన్. ఏప్రిల్ పొడి ఎండల్లో రెండు మూడు డిగ్రీలు దించుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత పనిచేయదు.
- మూత తీసి జాలీ వేయడం, పంపుల్లో అక్కర్లేనివి తగ్గించడం, లైటు టైము సాయంత్రానికి జరపడం.
- పడమటి కిటికీ పక్కనుంచి ట్యాంకును తప్పించడం. కుదరకపోతే మందపాటి కర్టెన్.
- చిల్లర్, అంటే నీళ్లను చల్లబరిచే మిషను. అది లాగిన వేడినంతా గదిలోకే వదులుతుంది, కాబట్టి క్యాబినెట్ లోపల దాచేస్తే వేడి తిరిగి ట్యాంకుకే చేరుతుంది. వెనక కనీసం ఒక అడుగు ఖాళీ వదలండి.

కరెంటు పోయి వేడి ఎక్కుతుంటే, మూత గట్టిగా బిగించిన లీటరు నీళ్ల సీసాను ఫ్రీజర్లో గడ్డకట్టించి ట్యాంకులో వదలండి. 100 లీటర్ల ట్యాంకుకు ఒక సీసా సుమారు ఒక డిగ్రీ దించుతుంది. ఒకేసారి మూడు వేయకండి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చిన్న హీటరు కూడా కావాలి. ఎండల ఊరు కదా అని దాన్ని అటక మీద పడేయొద్దు.

5. ఉప్పు, ఆల్కలినిటీ

ఉప్పు 35 పీపీటీ, అంటే సాంద్రత దాదాపు 1.026.

ఫ్యాన్ పెట్టగానే నీళ్లు ఆవిరవడం పెరుగుతుంది. 100 లీటర్లలో 3 లీటర్లు ఆవిరైతే ఉప్పు 35 నుంచి 36 దాటుతుంది, ఎందుకంటే నీరే పోతుంది గానీ ఉప్పు పోదు. ఆదివారం ఆదివారం ఒకేసారి పది లీటర్లు పోస్తే ఉప్పు ఒక్కసారిగా పడిపోతుంది, జోవాలు ముడుచుకుని రెండు రోజులు తెరవవు. ఆవిరైన నీళ్లను తనంతట తానే నింపే ఆటో టాప్ఆఫ్ ఉంటే మంచిది, లేకపోతే అద్దం మీద టేపుతో గీత పెట్టుకుని పొద్దున, సాయంత్రం ఆ గీత దాకా సున్నా టీడీఎస్ నీళ్లు పోయండి.

ఆల్కలినిటీ 7.5 నుంచి 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఏదో ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంటే చాలు. ఏ అంకె అన్నది పెద్ద పట్టింపు కాదు, ఊగకపోవడమే పట్టింపు. మెత్తటి కోరల్స్ మాత్రమే ఉన్న ట్యాంకులో వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే మామూలుగా సరిపోతుంది. బాగా పడిపోతే 100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా ఒక డీకేహెచ్ పెంచుతుంది. ఆర్వో నీళ్లలో కరిగించి, పంపు దగ్గర నెమ్మదిగా, రోజుకు అంతకు మించకుండా పోయాలి. కేకులకు వాడే బేకింగ్ పౌడర్ వేరే సరుకు, దాన్ని వేయకండి. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1280 నుంచి 1350 పీపీఎం, నెలకోసారి చూసుకుంటే చాలు.

6. నైట్రేట్, ఫాస్ఫేట్: రంగు ఇక్కడే తేలుతుంది

కావాల్సిన అంకెలు: నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.10 పీపీఎం. రెండూ సున్నా అయితే శుభ్రంగా ఉన్నట్టు కాదు, కోరల్ పస్తులున్నట్టు. పైగా అలాంటి ట్యాంకుల్లోనే డైనోలు అనే గోధుమరంగు జిగురు తీగలు వచ్చి పడతాయి, వాటిని వదిలించుకోవడం నరకం.

ఎక్కువగా ఉంటే, ఈ వరుసలో తగ్గించండి:

1. ఫ్రోజెన్ తిండిని నీళ్లతో సహా వేయకుండా, చిన్న జాలీలో కరిగించి కడిగి వేయండి.
2. ఫిల్టర్ సాక్ (చెత్తను పట్టే గుడ్డ సంచి) రెండు మూడు రోజులకోసారి మార్చండి. వారం ఉంచితే అందులో చిక్కిన చెత్త అక్కడే కుళ్లుతుంది.
3. స్కిమ్మర్ (నురగతో మలినాన్ని బయటికి లాగే పరికరం) కప్పు మెడ తుడవండి. ఆ జిడ్డు పొర ఉంటే నురగ పైకి రాదు.
4. వారానికి 10 నుంచి 15 శాతం నీళ్లు మార్చండి, రాళ్ల వెనకాల మడ్డిని లాగేస్తూ.
5. ఇవన్నీ మూడు నాలుగు వారాలు చేశాక కూడా ఫాస్ఫేట్ దిగకపోతే అప్పుడు జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్ గుళికలు), అదీ డబ్బా మీద రాసిన దాంట్లో సగం.

ఐదో నంబరుతో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. ఫాస్ఫేట్ 0.4 నుంచి రెండు రోజుల్లో 0.02కి పడిపోతే గోధుమరంగు కోరల్ తెల్లబడుతుందే తప్ప రంగెక్కదు. రాళ్లు ఫాస్ఫేట్‌ను పీల్చి దాచుకుంటాయి, నీళ్లలో తగ్గగానే మళ్లీ వదులుతాయి, కాబట్టి అంకె దిగి మళ్లీ ఎక్కితే కంగారు పడకండి, అదే పని కొనసాగించండి.

తక్కువగా ఉంటే ముందు చేపలకు తిండి పెంచండి, స్కిమ్మర్‌ను రాత్రి మాత్రమే నడపండి. అప్పటికీ నైట్రేట్ సున్నాలోనే ఉంటే ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ వాడొచ్చు. 100 లీటర్లకు 0.14 గ్రాము వేస్తే ఒక పీపీఎం పెరుగుతుంది. సీసా మీద నైట్రేట్ అని ఉందో, నైట్రైట్ అని ఉందో రెండుసార్లు చదవండి. నైట్రైట్ మనుషులకు కూడా విషం.

గుంటూరు వాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నా. మిర్చి తోటలకు కొట్టే 13-0-45 కూడా నైట్రేటే కదా, ఇంట్లో సంచి ఉంది, చిటికెడు వేస్తే ఏమవుతుందని అడుగుతున్నారు. అది పొటాషియం నైట్రేట్, నిజమే. కానీ ఎరువు గ్రేడులో ఏయే కల్తీలు ఎంతెంత ఉంటాయో సంచి మీద ఉండదు, కొన్ని మిశ్రమాల్లో రాగి లాంటి సూక్ష్మపోషకాలు కలుపుతారు, రాగి అయితే రొయ్యలను, నత్తలను, కోరల్స్‌ను చంపేస్తుంది. పైగా వేసిన ప్రతిసారీ పొటాషియం కూడా పెరుగుతూ పోతుంది. 19-19-19లో అయితే యూరియా, అమ్మోనియం కూడా ఉంటాయి. పొలం సరుకు పొలానికే.

7. లైటు: ఇప్పుడు ముట్టుకోండి

పైవన్నీ మూడు వారాలు నిలకడగా ఉన్నాకే ఇక్కడికి రండి. మష్‌రూమ్‌లకు పార్ (కోరల్‌లోని ఆల్గేకు పనికొచ్చే వెలుతురు కొలత) 50 నుంచి 80, జోవాలకు 80 నుంచి 150, లెదర్‌కు 100 నుంచి 200, ఇవి సుమారు అంకెలు. పార్ మీటరు ఖరీదు ఎక్కువ, ఒక్క రోజు పని కోసం కొనక్కర్లేదు. ఉన్నవాళ్ల దగ్గర ఒక పూట అడిగి తెచ్చుకుని ట్యాంకులో పది చోట్ల కొలిచి, కాగితం మీద బొమ్మ గీసుకుంటే ఏడాది పాటు పనికొస్తుంది. ఫోన్ లక్స్ యాప్‌లు నీలం లైటును సరిగ్గా పట్టుకోలేవు.

- రోజుకు 8, 9 గంటలు చాలు. గంటలు పెంచితే రంగు రాదు, నాచు వస్తుంది.
- తీవ్రత పెంచాలంటే 7 నుంచి 10 రోజులకోసారి 5 శాతం. జోవాలు మూసుకుంటే వెనక్కి వెళ్లండి.
- కోరల్‌ను పైకి జరపాలనుకుంటే ఒకేసారి కాకుండా మెట్టుమెట్టుగా, రెండేసి వారాల తేడాతో.
- లైటు అద్దం మీద ఉప్పు పొరను వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. ఒక్కోసారి పోయిన రంగుకు కారణం ఈ పొరే.

నీలం ఎక్కువ పెడితే కోరల్‌లో కొత్త రంగు పుట్టినట్టు కాదు, ఉన్న ప్రొటీన్లు మెరుస్తాయి అంతే. ఆన్‌లైన్‌లో చూసే ఫోటోల్లో చాలావరకు పూర్తి నీలంలో, లెన్స్ ముందు నారింజ ఫిల్టరు పెట్టి తీసినవే. వాటితో మీ ట్యాంకును పోల్చుకుని టెన్షన్ పడకండి.

8. కార్బన్, ప్రవాహం, తిండి

నీళ్లు పసుపు రంగుకు తిరిగితే నీలం కాంతి లోపలికి దిగదు. నెలకోసారి యాక్టివేటెడ్ కార్బన్ మార్చండి, కానీ చాన్నాళ్లుగా వాడకుండా ఒక్కసారిగా ఎక్కువ వేస్తే నీళ్లు తేటపడి వెలుతురు ఒక్కసారిగా పెరుగుతుంది, కాబట్టి సగంతో మొదలుపెట్టాలి.

ప్రవాహం జోవాల అంచులు మెల్లగా ఊగేంత ఉంటే చాలు. మష్‌రూమ్‌కు ఇంకా తక్కువ.

వారానికి ఒకటి రెండుసార్లు సన్న పొడి తిండి వేస్తే మంచిదే. "కలర్" అని రాసి అమ్మే సీసాలు మాత్రం నా మటుకు నేను కొనమని చెప్పను. కొలవలేనిది పోయకండి, వారం వారం నీళ్లు మారిస్తే సూక్ష్మ మూలకాలు చాలావరకు అవే భర్తీ అవుతాయి.

9. ఎన్నాళ్లకు తెలుస్తుంది?

- 1, 2 వారాలు: కొలిచి రాయడం మాత్రమే. ఏదీ మార్చొద్దు.
- 3 నుంచి 5: వేడి, టాప్ఆఫ్, ఉప్పు కుదుర్చుకోవడం.
- 6 నుంచి 9: పోషకాలు.
- ఆ తర్వాత: లైటు.

ఒకసారికి ఒకే మార్పు, దాని తర్వాత కనీసం రెండు వారాలు ఓపిక. జోవాల కాలనీలో పాత పాలిప్‌ల (గుంపులో ఒక్కో పువ్వులాంటి జీవి) కన్నా ముందు అంచుల్లో కందిగింజంత సైజులో మొలిచే పిల్ల పాలిప్‌లను చూడండి. వాటి నోటి చుట్టూ నారింజ వలయం మొదట గీతలా కనిపించి, వారం వారం వెడల్పవుతుంది. అది కనిపించిందంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే, ఇంక దేన్నీ కెలకొద్దు.

10. ఇంట్లో వాళ్లకు చెప్పాల్సిన జాగ్రత్తలు

దోమల స్ప్రే ట్యాంకున్న గదిలో కొట్టకూడదు. వాటిలోని పైరెత్రాయిడ్లు చేపలకు, రొయ్యలకు విషం. వీధిలో ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూసి, గాలి పంపు కాసేపు ఆపండి. అది బయటి గాలిని నేరుగా నీళ్లలోకి తోస్తుంది.

జోవాలు, ముఖ్యంగా పాలీథోవా రకాల్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. ముక్కలు కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. జోవాలు పట్టిన రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టి శుభ్రం చేద్దామని ఎప్పుడూ అనుకోకండి. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలు విదేశాల్లో ఉన్నాయి. కోసిన తర్వాత ఒళ్లు నొప్పులు, ఆయాసం, కళ్ల మంట వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏం ముట్టుకున్నారో చెప్పండి.

11. మార్చిలోపు, ఊరెళ్లే ముందు

- ఫ్యాన్, చిల్లర్ దుమ్ము దులిపి ఒక రోజు నడిపి చూడండి. మే నెలలో చెడితే మెకానిక్ దొరకడు.
- ఇన్వర్టరు సైన్ వేవ్‌దేనా చూసుకోండి. స్క్వేర్ వేవ్ మీద నేరుగా ప్లగ్గులో పెట్టే మామూలు పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. ట్యాంకుకు ముందు ఇవ్వాల్సింది ప్రవాహం, లైటు తర్వాత.
- బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, సెల్స్‌తో సహా.
- ఫ్రీజర్లో రెండు నీళ్ల సీసాలు ఎప్పుడూ ఉండాలి.
- సంక్రాంతికి ఊరెళ్తుంటే చేపల తిండిని ఏ రోజుది ఆ రోజుకు పొట్లాలు కట్టి, తేదీ రాసి, పక్కింటి వాళ్లకు ఇవ్వండి. డబ్బా మొత్తం చేతికిస్తే ప్రేమ కొద్దీ గుప్పెడు వేస్తారు. అద్దం మీద టేపు గీత చూపించి, టాప్ఆఫ్ డబ్బా మీద "ఇవే నీళ్లు పోయాలి" అని పెద్ద అక్షరాలతో రాసి అంటించండి.